అవుట్‌పుట్ లైన్లన్నీ ఒక్కసారిగా మారితే డిస్‌ప్లేలో తప్పు అంకె పడుతోంది, డ్రైవర్ స్విచింగ్ నాయిస్ ఎలా తగ్గించాలి?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ. విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రానిక్ కాటాల బోర్డులు తయారుచేస్తున్నారు. మెయిన్ బోర్డు మీద 5 వోల్టుల ఏటీమెగా మైక్రోకంట్రోలర్, దాని వెనక లైన్లని బలంగా నడిపే ఒక 74ఏసీ245 డ్రైవర్ ఐసీ. అక్కడి నుంచి 40 సెంటీమీటర్ల 10 పిన్నుల ఎఫ్‌ఆర్‌సీ (ఫ్లాట్ రిబ్బన్) కేబుల్ డిస్‌ప్లే బోర్డుకి వెళ్తుంది: అంకెకి 4 లైన్లు, స్థానానికి 3, ఇప్పుడు అంకెని పట్టుకో అని చెప్పే స్ట్రోబ్ ఒకటి, మిగిలిన రెండిట్లో ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండ్. అవతల స్థానాన్ని ఎంచే 74హెచ్‌సీ138 డీకోడర్, అంకెని పట్టి ఉంచి (లాచ్ చేసి) సెగ్మెంట్లు వెలిగించే ఆరు 74హెచ్‌సీ4511లు. చాలా లైన్లు ఒకేసారి హై నుంచి లోకి పడినప్పుడు ఏదో ఒక స్థానంలో తప్పు అంకె వచ్చి కూర్చుంటోంది. సప్లై మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టినా మార్పు లేదు. షాపులో బల్ల మీద సరిగ్గా పనిచేసిన బోర్డు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాక ఎక్కువ తప్పులు చూపిస్తోంది.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ ఐసీలు పాడవలేదండీ. 74ఏసీ245 ఎడ్జ్‌లు (లైను హై, లో మధ్య మారే అంచులు) మీ పనికి అవసరమైన దానికన్నా చాలా వేగంగా ఉన్నాయి, ఆ కరెంటంతా తిరిగి రావడానికి కేబుల్‌లో ఒకే ఒక్క గ్రౌండ్ తీగ ఉంది. ఇప్పటికే అమ్మేసిన బోర్డులకి: డ్రైవర్ అవుట్‌పుట్ పిన్నుల దగ్గర 8 లైన్లలోనూ 220 ఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో వేయండి, ప్రోగ్రామ్‌లో బిట్లను రెండు మూడు విడతలుగా మార్చండి. కొత్తగా చేసే బోర్డులకి: 74హెచ్‌సీ245 వాడి, 68 నుంచి 82 ఓమ్ రెసిస్టర్లు పెట్టి, కేబుల్‌ని 20 పిన్నులకి మార్చి ప్రతి సిగ్నల్ పక్కనా ఒక గ్రౌండ్ తీగ ఇవ్వండి. కెపాసిటర్లు పెంచుకుంటూ పోవడం మాత్రం ఆపేయండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే కారణం తెలియకుండా మందు వేస్తే తర్వాతి డిజైన్‌లో ఇదే జబ్బు మళ్ళీ వస్తుంది.

కరెంటు ఏ దారిలో తిరుగుతోంది

లైను హైలో ఉన్నంతసేపూ అవతలి బోర్డులోని ఇన్‌పుట్ కెపాసిటెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ 5 వోల్టులకి చార్జయి ఉంటాయి. డ్రైవర్ ఆ లైనుని లోకి లాగగానే ఆ చార్జంతా సిగ్నల్ తీగ గుండా వెనక్కి వచ్చి, డ్రైవర్ లోపలి ట్రాన్సిస్టర్ గుండా, ఐసీ గ్రౌండ్ పిన్ను గుండా, మెయిన్ బోర్డు గ్రౌండ్‌లోకి దిగి, కేబుల్‌లోని గ్రౌండ్ తీగ మీదుగా మళ్ళీ డిస్‌ప్లే బోర్డుకి చేరుతుంది. ఈ చుట్టుని కాగితం మీద ఒకసారి గీసి చూడండి. మీరు పెట్టిన డీకప్లింగ్ కెపాసిటర్ (సప్లైకి, గ్రౌండ్‌కి మధ్య ఉండేది) ఈ చుట్టులో ఎక్కడా లేదు. లైను లో నుంచి హైకి వెళ్ళేటప్పుడు మాత్రమే కరెంటు దాని నుంచి వస్తుంది. అందుకే సప్లై మీద ఎన్ని మైక్రోఫారడ్లు పెట్టినా, హై నుంచి లోకి పడేటప్పుడు వచ్చే గ్రౌండ్ బౌన్స్ (ఐసీ లోపలి గ్రౌండ్ క్షణం పాటు పైకి లేవడం) తగ్గదు.

ఇప్పుడు లెక్క. 40 సెంటీమీటర్ల ఫ్లాట్ కేబుల్‌కి సుమారు 20 పికోఫారడ్, ఆరు 4511ల ఇన్‌పుట్లకి ఒక్కోదానికి 5 చొప్పున 30, మొత్తం లైనుకి 50 పికోఫారడ్ అనుకుందాం. స్థానం లైన్లకి లోడు ఇంకా తక్కువే, కానీ ఎక్కువ వైపే లెక్కేసుకోవడం మంచిది. కెపాసిటర్ డిస్చార్జయ్యేటప్పుడు కరెంటు మారే గరిష్ఠ వేగం సుమారుగా 1.5 × వోల్టేజీ × కెపాసిటెన్స్ ÷ ఎడ్జ్ సమయం వర్గం. 74ఏసీ ఫ్యామిలీకి ఎడ్జ్ 3 నానోసెకన్లు వేసుకుంటే లైనుకి నానోసెకనుకి దాదాపు 42 మిల్లీఆంప్స్ వస్తుంది. ఏడు లైన్లు కలిసి పడితే నానోసెకనుకి దాదాపు 0.3 ఆంప్. మూలన గ్రౌండ్ పిన్ను ఉండే 20 పిన్నుల డిప్ (రెండు వరసల కాళ్ళ) ప్యాకేజీలో ఆ పిన్ను, లోపలి తీగ కలిపి సుమారు 10 నానోహెన్రీ. గుణిస్తే 3 వోల్టులు. నిజంలో అంత రాదు, చిప్ లోపలి గ్రౌండ్ పైకి లేచేకొద్దీ ట్రాన్సిస్టర్ లాగే బలం తగ్గిపోతుంది కాబట్టి వోల్టు, వోల్టున్నర దగ్గర ఆగుతుంది. మీ స్ట్రోబ్ కూడా అదే 245 నుంచి వస్తోంది. అది లోలో ఉండాల్సిన సమయంలో ఈ వోల్టున్నర స్పైకుని మోసుకుపోతుంది.

చూడండి, ఎడ్జ్ సమయం వర్గంలో ఉంది. 3 నానోసెకన్లని 6 చేస్తే స్పైకు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. కెపాసిటెన్స్ సగం చేస్తే సగమే తగ్గుతుంది. అందుకే ఎడ్జ్‌ని మందగించడమే అన్నిటికన్నా చవకైన, బలమైన మందు. 74హెచ్‌సీ ఎడ్జ్‌లు మామూలుగా 6 నానోసెకన్ల దరిదాపుల్లో ఉంటాయి. కాటా డిస్‌ప్లేకి అదే ఎక్కువ.

ఇక కేబుల్. పిన్నుది 10 నానోహెన్రీ అయితే 40 సెంటీమీటర్ల ఒంటి గ్రౌండ్ తీగది సుమారు 400. నలభై రెట్లు. ఏడు లైన్ల తిరుగు కరెంటు దాని మీదే వెళ్ళాలి. ఆ క్షణంలో మెయిన్ బోర్డు గ్రౌండ్ కన్నా డిస్‌ప్లే బోర్డు గ్రౌండ్ కిందికి జారుతుంది. స్ట్రోబ్ మెయిన్ బోర్డు గ్రౌండ్ దగ్గరే నిలబడి ఉన్నా, అవతల కూర్చున్న 138కి అది పైకి లేచినట్టే కనిపిస్తుంది. పైగా ఈ 400 నానోహెన్రీ, ఏడు లైన్ల 350 పికోఫారడ్ కలిసి సుమారు 13 మెగాహెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. ఒక్కో అర ఊపు 35 నానోసెకన్లకి పైగా ఉంటుంది. పిన్ను దగ్గర పుట్టే 5 నానోసెకన్ల సన్నటి స్పైకుని హెచ్‌సీ చిప్‌లు కొన్నిసార్లు పట్టించుకోవు. 35 నానోసెకన్ల పల్స్‌ని 74హెచ్‌సీ138 గానీ 74హెచ్‌సీ4511 గానీ వదలవు, అది నిజమైన స్ట్రోబ్ అనే అనుకుంటాయి. ఆ సమయంలో స్థానం లైన్లు సగం మారి సగం మారక ఉంటాయి, కాబట్టి సంబంధం లేని స్థానం లాచ్ తెరుచుకుని అప్పుడున్న చెత్తని పట్టుకుంటుంది. మారిన అంకెని మాత్రమే పంపేలా ప్రోగ్రామ్ రాసి ఉంటే, ఆ తప్పు అంకె అక్కడే ఉండిపోతుంది. మిర్చి యార్డులో టిక్కీల తూకం దగ్గర ఒక్క అంకె తప్పంటే రైతు డబ్బు. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

చలిలో ఎందుకు ఎక్కువైంది

ఈ ఐసీల్లోని సీమాస్ ట్రాన్సిస్టర్లు చల్లగా ఉన్నప్పుడు బలంగా, వేగంగా పనిచేస్తాయి. మే నెల మధ్యాహ్నం బెజవాడలో షాపు లోపల వేడికి ఐసీ కాస్త మందంగా ఉండి పాసైపోయిన బోర్డు, కోల్డ్ స్టోరేజీ గదిలో ఎడ్జ్ చురుకై ఫెయిలవుతుంది. సప్లై వోల్టేజీ ఎక్కువున్నా అంతే. కాబట్టి ఈ జబ్బుకి టెస్టు ఎండలో కాదు, చలిలో చేయాలి: ఐసీ మీద కూలింగ్ స్ప్రే కొట్టి, సప్లైని 5.25 వోల్టులకి పెంచి, అన్ని లైన్లూ 1 నుంచి 0కి పడే ప్యాటర్న్‌ని గంటల తరబడి తిప్పండి. అదే సప్లైని 4.5కి తగ్గిస్తే తప్పులు మాయమవుతున్నాయంటే మీ అనుమానం సరైనదే అనుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో బగ్ ఉంటే వోల్టేజీకి అలా స్పందించదు.

స్కోప్‌తో చూసే పద్ధతి

స్ట్రోబ్‌ని ప్రోగ్రామ్‌లో లోలోనే కట్టేసి, మిగతా ఏడు లైన్లని కలిపి టాగుల్ చేయండి. స్ట్రోబ్ పిన్ను మీద ప్రోబ్ పెట్టండి. కదలకుండా లోలో ఉన్న ఆ అవుట్‌పుట్టు చిప్ లోపలి గ్రౌండ్‌ని చూపించే కిటికీ లాంటిది, లోపల గ్రౌండ్ ఎంత లేస్తే అక్కడ అంత కనిపిస్తుంది. ట్రిగ్గర్ అదే చానల్ మీద, పైకి లేచే ఎడ్జ్, 0.8 వోల్టులు, సింగిల్ షాట్.

ప్రోబ్‌తో వచ్చే 15 సెంటీమీటర్ల మొసలి క్లిప్పు గ్రౌండ్ తీగని ఇక్కడ వాడొద్దు. దాని 150 నానోహెన్రీ, ప్రోబ్ 10 పికోఫారడ్ కలిసి 130 మెగాహెర్ట్జ్ దగ్గర తమంతట తామే ఊగుతాయి, మీరు ప్రోబ్ నాయిస్‌ని చూసి బోర్డు నాయిస్ అనుకుంటారు. ప్రోబ్ టోపీ తీసేసి, మూతి చుట్టూ స్ప్రింగు గ్రౌండ్ పెట్టి, ఐసీ 10వ పిన్ను మీదే ఆనించండి. స్ప్రింగు పోయి ఉంటే సన్నటి టిన్నుడు తీగ చుట్టుకున్నా సరిపోతుంది. 100 మెగాహెర్ట్జ్ స్కోప్‌కి సొంత రైజ్ టైమే 3.5 నానోసెకన్లు, కాబట్టి ఏసీ ఎడ్జ్ దాని మీద నాలుగున్నర నానోసెకన్ల పైన కనిపిస్తుంది. అసలు స్పైకు స్క్రీన్ మీద కన్నా పొడుగ్గా ఉంటుందని గుర్తుంచుకోండి.

తర్వాత డిస్‌ప్లే బోర్డులో 138 దగ్గర, ఆ బోర్డు గ్రౌండ్‌తోనే అదే స్ట్రోబ్‌ని మళ్ళీ చూడండి. డ్రైవర్ దగ్గర వోల్టు, ఇక్కడ రెండున్నర కనిపిస్తే, దోషంలో పెద్ద వాటా కేబుల్‌దే. హెచ్‌సీ ఇన్‌పుట్‌కి 4.5 వోల్టుల సప్లై దగ్గర 1.35 వోల్టుల లోపు లో కింద గ్యారంటీ. ఇన్‌పుట్ స్థాయిలు వేరుగా ఉండే హెచ్‌సీటీ రకం అయితే 0.8 లోపే. మీ మిగులు ఎంతో ఈ అంకెలతో పోల్చుకోండి.

రెసిస్టర్ విలువ ఎందుకు 220, ఎందుకు 82

అందరూ 33 ఓమ్ అంటారు. బోర్డు మీద పొట్టి ట్రాక్‌కి, గ్రౌండ్ ప్లేన్ ఉన్న చోట అది సరైనదే. మీ కేబుల్‌కి సరిపోదు. ఏడు లైన్లు కలిసి ఊగుతున్నప్పుడు ఏడు రెసిస్టర్లూ సమాంతరంగా పనిచేస్తాయి. 82 ఓమ్, దానికి డ్రైవర్ సొంత రెసిస్టెన్స్ ఒక 12 కలిపితే 94, ఏడుతో భాగిస్తే 13. ఒంటి గ్రౌండ్ తీగ, లోడు కెపాసిటెన్స్ కలిసి చూపించే ఇంపెడెన్స్ 34 ఓమ్ దగ్గర ఉంది. ఊగడం త్వరగా చచ్చిపోవాలంటే సిరీస్‌లో కనీసం దాంతో సమానంగా ఉండాలి. 220 వేస్తే 232ని ఏడుతో భాగించి 33 వస్తుంది, అందుకే ఆ విలువ. లైనుకి 50 పికోఫారడ్‌తో టైమ్ కాన్‌స్టాంట్ 11 నానోసెకన్లు. స్ట్రోబ్ మైక్రోసెకన్లలో ఉన్న డిస్‌ప్లేకి అదేమీ ఆలస్యం కాదు.

కేబుల్ మార్చి ప్రతి సిగ్నల్ పక్కన గ్రౌండ్ ఇస్తే ఆ 400 నానోహెన్రీ 50 దగ్గరికి పడిపోతుంది, ఇంపెడెన్స్ 12కి దిగుతుంది, అప్పుడు 82 హాయిగా సరిపోతుంది. పైగా గ్రౌండ్, సిగ్నల్ మార్చి మార్చి ఉన్న ఫ్లాట్ కేబుల్ లక్షణ ఇంపెడెన్స్ 100 ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి 82, 12 కలిపి దానికి మ్యాచ్ అవుతుంది, అవతలి చివర నుంచి వచ్చే ప్రతిధ్వని ఇక్కడ ఆగిపోతుంది. హెచ్‌సీ245 సొంత రెసిస్టెన్స్ ఇంకొంచెం ఎక్కువ, దానికి 68 నుంచి 82 మధ్య ఏదైనా పర్లేదు, స్కోప్ మీద చూసి ఖరారు చేసుకోండి.

రెసిస్టర్ డ్రైవర్ పిన్నుకి సెంటీమీటరు లోపలే ఉండాలి. చాలామంది చోటు దొరికిందని డిస్‌ప్లే బోర్డు వైపు వేస్తారు. అక్కడ వేస్తే కేబుల్ కెపాసిటెన్స్‌ని డ్రైవర్ ఎప్పటిలాగే దూకుడుగా డిస్చార్జ్ చేస్తుంది, బౌన్స్ చాలావరకు అలాగే ఉంటుంది.

రెసిస్టర్ నెట్‌వర్క్ కొనేటప్పుడు జాగ్రత్త. షాపులో నెట్‌వర్క్ అని అడగగానే చేతిలో పెట్టేది సాధారణంగా 9 కాళ్ళ సిప్ (ఒకే వరస కాళ్ళది), అందులో చుక్క పెట్టిన కాలు అన్నిటికీ కామన్. అది పుల్అప్‌లకి. దాన్ని ఇక్కడ వేస్తే ఎనిమిది లైన్లూ ఒకదానికొకటి ముడిపడిపోతాయి. మీకు కావాల్సింది విడివిడి రెసిస్టర్లున్న రకం: 16 కాళ్ళ డిప్ నెట్‌వర్క్, లేదా ఎస్‌ఎండీలో నాలుగేసి రెసిస్టర్లున్న 8 కాళ్ళ ప్యాక్ రెండు. మీటర్‌తో రెండు కాళ్ళ మధ్య కొలిచి చూసుకున్నాకే సోల్డర్ చేయండి.

మేలు చేద్దామని చేసే హాని

అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి నేరుగా 1 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి ఎడ్జ్‌ని మందగిస్తామనుకోవడం అన్నిటికన్నా ఎక్కువ కనిపించే పొరపాటు. స్కోప్‌లో ఎడ్జ్ వాలుగా కనిపిస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ డ్రైవర్ ఇప్పుడు 50కి బదులు వెయ్యికి పైగా పికోఫారడ్లని డిస్చార్జ్ చేయాలి. గ్రౌండ్ పిన్నులో కరెంటు పెరుగుతుంది, ఎక్కువసేపు పారుతుంది, పక్క అవుట్‌పుట్ల మీద బౌన్స్ ఇంకా పెద్దదవుతుంది. కెపాసిటర్ పెట్టాలనే ఉంటే ముందు రెసిస్టర్, దాని తర్వాత కెపాసిటర్: 100 ఓమ్, 220 పికోఫారడ్ లాంటిది.

రెండోది, స్ట్రోబ్‌కి మరీ పెద్ద ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) ఫిల్టర్ వేసి నేరుగా 138కి ఇవ్వడం. సీమాస్ ఇన్‌పుట్ స్విచ్ అయ్యే వోల్టేజీ దగ్గర నెమ్మదిగా పాకే సిగ్నల్‌కి చిన్న నాయిస్ తగిలినా అది రెండు మూడు పల్సులుగా విడిపోతుంది. స్ట్రోబ్‌ని ఫిల్టర్ చేయాలంటే డిస్‌ప్లే బోర్డులో 1 కిలోఓమ్, 100 పికోఫారడ్, వాటి తర్వాత 74హెచ్‌సీ14లో రెండు గేట్లు వరసగా పెట్టండి. 100 నానోసెకన్ల టైమ్ కాన్‌స్టాంట్ వల్ల 35 నానోసెకన్ల ఊపులు గేటు స్విచ్ అయ్యే స్థాయికి చేరవు. 14కి ఉన్న హిస్టెరెసిస్ (పైకి, కిందికి వేర్వేరు స్విచింగ్ స్థాయిలుండడం) వాలు ఎడ్జ్‌ని శుభ్రంగా నిలబెడుతుంది. కొత్త బోర్డులో ఈ ఏర్పాటు తప్పకుండా చేయమంటాను. ఖర్చు ఒక ఐసీ, రెండు చిల్లర పార్టులు.

ఇంకో మాట, 74హెచ్‌సీ4511 బదులు పాత సీడీ4511 వాడుకునే వీలుంటే అది ఈ విషయంలో గట్టిది. పిన్నులు ఒకటే. దాని లాచ్ తెరుచుకోవడానికి 5 వోల్టుల దగ్గర వందల నానోసెకన్ల పల్స్ కావాలి, సన్నటి స్పైకులని అది చూడనే చూడదు. స్ట్రోబ్ వెడల్పు మాత్రం 2 మైక్రోసెకన్లకి తగ్గనివ్వకండి. దాని అవుట్‌పుట్ హై వోల్టేజీ కాస్త తక్కువ, సెగ్మెంట్ రెసిస్టర్లు సరిచూసుకోవాలి.

డీకప్లింగ్ అక్కర్లేదని కాదు

లో నుంచి హైకి వెళ్ళేటప్పుడు కరెంటు డీకప్లింగ్ నుంచే రావాలి. 8 లైన్లు, 50 పికోఫారడ్, 5 వోల్టులు అంటే 2 నానోకూలంబ్. 0.1 వోల్టు కన్నా ఎక్కువ జారకూడదంటే 20 నానోఫారడ్ చాలు. అంటే 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ ఐదు రెట్లు ఎక్కువే. విలువ కన్నా స్థానం ముఖ్యం. ట్రాక్ మిల్లీమీటరుకి రమారమి 1 నానోహెన్రీ. 5 సెంటీమీటర్ల అవతల ఉన్న 1000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ 3 నానోసెకన్ల ఎడ్జ్‌కి ఉన్నా లేనట్టే. డిప్‌లో 20, 10 పిన్నులు ఎదురెదురు మూలల్లో ఉంటాయి కాబట్టి కెపాసిటర్‌ని 20వ పిన్నుకి ఆనించి, గ్రౌండ్ వైపుని ఐసీ కిందుగా వెడల్పాటి ట్రాక్‌తో 10కి తీసుకెళ్ళండి. ఎక్స్7ఆర్ రకం తీసుకోండి. వై5వీ చవకే కానీ చలిలోనూ వేడిలోనూ విలువ బాగా పడిపోతుంది. డ్రైవర్ ఐసీకి సాకెట్ వేయకండి, ప్రతి పిన్నుకీ మరికొన్ని నానోహెన్రీలు కలుస్తాయి. వీలైతే డిప్ బదులు ఎస్‌ఓ (చిన్న సర్ఫేస్ మౌంట్) ప్యాకేజీ వాడండి, గ్రౌండ్ పిన్ను ఇండక్టెన్స్ దాదాపు సగానికి వస్తుంది.

కొత్త కేబుల్ అమరిక

20 తీగల్లో 8 సిగ్నళ్ళు, వాటి మధ్యలోనూ రెండు అంచుల్లోనూ కలిపి 9 గ్రౌండ్లు, మిగిలిన 3 తీగలు 5 వోల్టులకి. కంప్యూటర్ హార్డ్ డిస్కుల పాత ఐడీఈ కేబుల్ గుర్తుందా? సెకనుకి 66 మెగాబైట్ల వేగానికి వచ్చేసరికి కనెక్టర్ 40 పిన్నులదే ఉంచి తీగలు 80 చేశారు. ఆ అదనపు 40 తీగలూ గ్రౌండ్లే. కారణం ఇదే.

ఎల్‌ఈడీల కరెంటుని ఈ కేబుల్ మీద మోయించకండి. ఆరు అంకెలకీ 8 వెలిగితే 42 సెగ్మెంట్లు, ఒక్కోటి 10 మిల్లీఆంప్స్ అనుకున్నా 420 మిల్లీఆంప్స్. దానికి విడిగా రెండు లావు తీగలు, డిస్‌ప్లే బోర్డులో ఒక 100 మైక్రోఫారడ్ ఇవ్వండి. లోడ్‌సెల్ (బరువు సెన్సార్) సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏడీసీ ఉన్న మూలకి ఈ తిరుగు కరెంటు వెళ్ళకుండా సప్లై కనెక్టర్, డిస్‌ప్లే కనెక్టర్ ఒకే వైపు, ఏడీసీ ఎదురు వైపు ఉండేలా బోర్డు వేసుకుంటే తూకం చివరి అంకె గంతులేయడం కూడా తగ్గుతుంది. గ్రౌండ్‌ని కోసి రెండు ముక్కలు చేయాల్సిన పని లేదు. కోసిన చోట అడ్డంగా సిగ్నల్ ట్రాక్ దాటితే పరిస్థితి ఇంకా చెడుతుంది.

ప్రోగ్రామ్‌లో ఖర్చు లేకుండా చేసేది

పోర్టు మొత్తానికి ఒకేసారి బైటు రాయకండి. స్ట్రోబ్ లోలో ఉండగా ముందు స్థానం బిట్లు, పావు మైక్రోసెకను ఆగి అంకె బిట్లు, 1 మైక్రోసెకను ఆగి స్ట్రోబ్ హై, 2 మైక్రోసెకన్ల తర్వాత లో, మళ్ళీ 1 మైక్రోసెకను ఆగాకే తర్వాతి మార్పు. 16 మెగాహెర్ట్జ్ ఏటీమెగాలో ఒక నాప్ (ఏమీ చేయని ఆదేశం) 62.5 నానోసెకన్లు, నాలుగు నాప్‌లు పావు మైక్రోసెకను. ఒకేసారి పడే లైన్లు ఏడు నుంచి నాలుగుకి తగ్గుతాయి, స్పైకు కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఆరు స్థానాలనీ ప్రతి 100 మిల్లీసెకన్లకి తిరిగి రాయడం కూడా మంచిదే, కానీ దాన్ని మందుగా లెక్కేయకండి. తప్పు అంకె క్షణం పాటు వచ్చి పోతుంది, అంతే. హార్డ్‌వేర్ సరిచేశాక దాన్ని అదనపు భద్రతగా ఉంచుకోండి.

డ్రైవర్ ఐసీ లేకుండా మైక్రోకంట్రోలర్ నుంచే లైన్లు తీసుకునేవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది. ఎస్‌టీఎం32ఎఫ్103లో ప్రతి అవుట్‌పుట్‌కీ 2, 10, 50 మెగాహెర్ట్జ్ వేగాలు ఎంచుకోవచ్చు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న కోడ్‌లో 50 పెట్టి ఉంటుంది, అది 2 చేయండి. ఆర్‌పీ2040లో ఎడ్జ్ వేగాన్ని మార్చే స్లూ రేటు బిట్, 2 నుంచి 12 మిల్లీఆంప్స్ దాకా డ్రైవ్ బలం ఉన్నాయి. ఎఫ్‌పీజీఏ (ప్రోగ్రామ్ చేసుకునే లాజిక్ చిప్) అయితే స్లో స్లూ ఎంచుకుని, ఖాళీ పిన్నులని లోలో డ్రైవ్ చేస్తూ బయట గ్రౌండ్‌కి కలిపితే అవీ అదనపు గ్రౌండ్ పిన్నుల్లా పనికొస్తాయి. పిన్నుల బ్యాంకు మొత్తం ఒకే క్లాక్ ఎడ్జ్‌కి మారకుండా విడగొట్టడం మర్చిపోవద్దు.

ఏసీ తీసి హెచ్‌సీ వేసేటప్పుడు రెండు చూసుకోవాలి. ఏసీ 24 మిల్లీఆంప్స్ ఇస్తుంది, హెచ్‌సీ బస్ డ్రైవర్ 6కే గ్యారంటీ ఇస్తుంది, కాబట్టి ఆ పిన్నుల మీద నేరుగా ఎల్‌ఈడీలో ఆప్టోకప్లర్లో ఉంటే లెక్క మళ్ళీ వేయాలి. రెండోది, రేపు 3.3 వోల్టుల కంట్రోలర్‌కి మారితే 5 వోల్టుల సప్లై మీదున్న హెచ్‌సీకి ఆ హై సరిపోదు, దానికి 3.5 కావాలి. అప్పుడు 74హెచ్‌సీటీ245 వేయండి, కానీ దాని ఇన్‌పుట్ వైపు లో మిగులు తక్కువ కాబట్టి కంట్రోలర్ నుంచి దానికి ట్రాకులు పొట్టిగా ఉంచండి. ఒకే నంబరు ఉన్న చిప్‌లకి కూడా కంపెనీని బట్టి ఎడ్జ్ వేగం మారుతుంది, కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఒక్కదాని మీదైనా స్ట్రోబ్ స్పైకు కొలిచి రాసి పెట్టుకోండి.

మన గుంటూరు, విజయవాడ కాలేజీల్లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ప్రాజెక్టుగా అవుట్‌పుట్ ప్యాడ్ గీసే విద్యార్థులకీ ఇదే సూత్రం, చేసే చోటు వేరు. చివరి పెద్ద ట్రాన్సిస్టర్‌ని ఒకటిగా కాకుండా నాలుగైదు ముక్కలుగా చేసి, వాటి గేట్ల మధ్య పాలీసిలికాన్ రెసిస్టర్లు పెట్టి ఒకదాని వెనక ఒకటి ఆన్ అయ్యేలా చేస్తారు. ఆఫ్ అయ్యేటప్పుడు మాత్రం అన్నీ కలిసి వెంటనే ఆఫ్ అవ్వాలి. ప్రీడ్రైవర్‌లో పీమాస్ పూర్తిగా ఆరాకే ఎన్‌మాస్ వెలిగేలా చిన్న ఖాళీ ఇస్తే సప్లై నుంచి గ్రౌండ్‌కి నేరుగా దూసుకుపోయే కరెంటు పోతుంది, చాలా డిజైన్లలో అది లోడు కరెంటుతో పోటీపడేంత ఉంటుంది. ప్యాడ్ల గ్రౌండ్‌నీ లోపలి లాజిక్ గ్రౌండ్‌నీ వేరు పిన్నులకి తీసి, ఇన్‌పుట్ బఫర్లని నిశ్శబ్దంగా ఉండే గ్రౌండ్‌కి కలపాలి. సిమ్యులేషన్‌లో ప్యాకేజీ ఇండక్టెన్స్ పెట్టకుండా సున్నా గ్రౌండ్‌తో రన్ చేస్తే ఇదేదీ కనిపించదు, కనీసం 5 నానోహెన్రీ పెట్టి, తక్కువ ఉష్ణోగ్రత, ఎక్కువ వోల్టేజీ, వేగమైన ప్రాసెస్ కార్నర్‌లో చూడండి.

మీ బోర్డుకి వస్తే, వరస ఇలా పెట్టుకోండి. ఈ రోజే ఒక బోర్డులో ట్రాకులు కోసి 220 ఓమ్‌లు వేయండి, ప్రోగ్రామ్ మార్చండి, కూలింగ్ స్ప్రే టెస్టు పెట్టండి. 138 దగ్గర స్ట్రోబ్ స్పైకు 0.8 వోల్టుల కిందికి దిగితే ఫీల్డులో ఉన్న బోర్డులన్నిటికీ అదే చేయొచ్చు. దిగకపోతే కేబుల్ మార్చకుండా గట్టెక్కే దారి లేదు. ఆ పరిస్థితిలో పాత 10 పిన్నుల కనెక్టర్ అలాగే ఉంచి, రెండు బోర్డుల గ్రౌండ్ల మధ్య కనెక్టర్‌కి రెండు వైపులా విడిగా రెండు లావు తీగలని ఫ్లాట్ కేబుల్‌కి ఆనించి కట్టి చూడండి. పూర్తి పరిష్కారం కాకపోయినా తిరుగు దారి ఇండక్టెన్స్ బాగా తగ్గుతుంది. ముందు, తర్వాత స్ట్రోబ్ వేవ్‌ఫారం ఫొటోలు స్ప్రింగు గ్రౌండ్‌తో తీసి ఇక్కడ పెట్టండి, 138 ఐసీ 6వ పిన్ను దగ్గర తీసినవి. వాటిని చూస్తే రెసిస్టర్ ఇంకా పెంచాలో, 74హెచ్‌సీ14 ఫిల్టర్ తప్పదో చెప్పగలను.